ఆరామము: కొండపై విహారము, క్రింద ద్రాక్షపందిరి

ఆరామము అను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. ఒకటి తోట, రెండవది భిక్షువులుండు మఠము. ఈ రెండును వేర్వేరుగా పుట్టినవి కావు. బుద్ధుని సంఘమునకు మొట్టమొదట లభించిన నివాసము రాజగృహమున బింబిసారుడు సమర్పించిన వెదురుతోట. తరువాత శ్రావస్తిలో అనాథపిండికుడు జేతవనము నిచ్చెను. సంఘము తోటలలో నిలిచెను గనుక తోట పేరే మఠమునకు పేరయ్యెను. విహారమను మాటయు నట్టిదే. భిక్షువుల మందిరము విహారము. సెలవునాడు కుటుంబముతో చేయు ప్రయాణమును విహారమే.

హైదరాబాదు నుండి ఒక్క పగటిలో చేయదగిన అట్టి విహారమొకటి కలదు. నగరపు తూర్పుభాగమున మూసీ యొడ్డున బయలుదేరి, బాహ్యవలయ రహదారి ననుసరించి కీసరగుట్టకును, అటనుండి శామీర్‌పేటకును, మేడ్చలుకును పోయి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. దారిలో కొండయు, విహారపు జాడయు, ద్రాక్షతోటల జాడయు కనబడును. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఈ దారిలో చాల భాగము కలదు.

ఐరోపాలో ఇట్టి యాత్ర క్రొత్తది కాదు. ఉదయము ఒక మఠమును చూచుట, మధ్యాహ్నము ఆ మఠపు ద్రాక్షసారాయమును రుచి చూచుట అక్కడ సామాన్యము. ఆరవ శతాబ్దమున సన్యాసులకు నియమములు వ్రాసిన బెనెడిక్టు, దినమునకు మితముగా కొంత ద్రాక్షసారాయమును అనుమతించెను. ఫ్రాన్సులోని బర్గండీ సీమలో సిస్టర్షియను సన్యాసులు తమ తోటచుట్టు రాతిగోడ కట్టి ద్రాక్షను సాగుచేసిరి. క్లో ద వూజో అను ఆ తోట ఈనాటికిని కలదు. మన నగరపు వెలుపల కొండ కలదు, తోటలుండెను. కాని ఆ రెంటిని కలుపు పానపాత్ర లేదు. అది ఎందుచేత లేదో, తోటలేమైనవో విచారించుటకే ఈ ప్రసంగము.

చైతన్యపురి సమీపమున, మూసీ ఒడ్డుననున్న చిన్న గుట్టపై కోసగుండ్ల నరసింహస్వామి ఆలయము కలదు. అచ్చటి బండపై బ్రాహ్మీలిపిలో ప్రాకృత శాసనమొకటి చెక్కబడియున్నది. అది క్రీ.శ. నాలుగైదు శతాబ్దముల నాటిదని పండితుల అభిప్రాయము. అందులో గోవిందరాజ విహారమను పేరు కలదు. గోవిందుడనగా విష్ణుకుండిన వంశపు రాజు గోవిందవర్మ యని చరిత్రకారులు తలచిరి. ఇదే రాజు తన దేవి కట్టించిన విహారమునకు గ్రామములను దానము చేసినట్లు ఇంద్రపాలనగరమను పూర్వనామముగల తుమ్మలగూడెములో దొరకిన తామ్రశాసనము చెప్పుచున్నది. కనుక నేటి మహానగరము వ్యాపించిన నేలపై, కులీ కుతుబ్‌షా కాలమునకు వేయి సంవత్సరములకు పైగా పూర్వమే, భిక్షువులు కొండలపై నివసించిరనుటకు రాతిలో సాక్ష్యము కలదు.

ఆ భిక్షువులు ఏమి త్రాగెడివారు? మత్తు గలిగించు పానీయములను విడిచిపెట్టుట పంచశీలములలో ఐదవది. ఐనను బౌద్ధుల వినయగ్రంథములలో ఒక విశేషము కనబడును. మధ్యాహ్నము దాటిన పిదప భిక్షువు భోజనము చేయరాదు. కాని కొన్ని పండ్ల రసములను వడగట్టి త్రాగవచ్చును. అట్లు అనుమతింపబడిన ఎనిమిది పానీయములలో మామిడి, నేరేడు, అరటి రసములతో పాటు ద్రాక్షరసమును ఒకటి. పాళీభాషలో దానికి ముద్దికాపానమని పేరు. ఆ రసమును మరుసటి దినము తెల్లవారువరకు మాత్రమే ఉంచుకొనవచ్చును. ఈ గడువు ఎంతో తెలివితో పెట్టినదిగా మాకు తోచుచున్నది. పిండిన రసము ఉష్ణదేశములో ఒక్క రాత్రి గడచినచో పొంగుట ఆరంభించును. సూర్యోదయమునకు ముందు పానకము, తరువాత మద్యము. పడమటి మఠము ఆ గీతను దాటి నేలమాళిగలో పీపాలు పేర్చుకొన్నది. మన విహారము ఆ గీతకు ఈవలనే నిలిచినది.

విహారమునకు ఈ నియమముండినను దేశమున మద్యము లేకపోలేదు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలపు విహారములు అనేకము బయల్పడినవి. ఆ లోయలోనే, రాజప్రాసాద స్థలమున దొరకిన స్తంభముపై గడ్డము గల పురుషుడొకడు కొమ్ముపాత్రను చేతబట్టి యున్నాడు. అతడు గ్రీకుల మద్యదేవుడైన డయోనిససు అని పలువురు పండితులు గుర్తించిరి. రోమను బంగారు నాణెములును ఆ లోయలో దొరకినవి. సముద్రము దాటి వచ్చిన వర్తకముతో పాటు ద్రాక్షసారాయపు తలపును కృష్ణాతీరమునకు వచ్చెనన్నమాట.

చైతన్యపురి నుండి ఈశాన్యముగా పోయినచో కీసరగుట్ట. శ్రీరాముని ఆజ్ఞపై హనుమంతుడు కాశినుండి నూటొక్క లింగములను తెచ్చెననియు, అతడు ఆలస్యముగా వచ్చుటచే అప్పటికే శివుడిచ్చిన లింగమును రాముడు ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. హనుమంతుని తండ్రియగు కేసరి పేర ఈ గిరి కేసరిగిరియై, కీసర అయ్యెనని చెప్పుదురు. కొండపై ఆరుబయట అక్కడక్కడ నున్న లింగములను యాత్రికులు నేటికిని చూచుచున్నారు. మహాశివరాత్రికి ఇచ్చట గొప్ప జాతర సాగును.

గుట్టపై పురావస్తు శాఖవారి త్రవ్వకములలో విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడములు బయటపడినవి. వానికంటె మమ్ము ఎక్కువగా ఆకర్షించునది బండపై చెక్కిన ఒక్క మాట. ఆ మాట ‘తొలుచువాండ్రు’. సుమారు ఐదవ శతాబ్దపు లిపిలో నున్న ఈ మాటను, శాసనములలో కనబడు తొలి తెలుగు పదములలో ఒకటిగా పండితులు గణించుచున్నారు. రాతిని తొలుచువారని దాని అర్థము. ఇది రాజు బిరుదు కాదు, దానమిచ్చిన ధనవంతుని పేరు కాదు. బండను తొలిచి పనిచేసినవారు తమ వృత్తి పేరును తామే చెక్కుకొనిరని ఊహించుట సహజము. వారి పేర్లు మనకు తెలియవు; వారు ఉండిరని మాత్రము పదునైదు వందల ఏండ్ల తరువాత తెలియుచున్నది. ఈ మాటను మనసులో నుంచుకొని కొండ దిగవలెను.

కొండ దిగి శామీర్‌పేట చెరువు వైపునకును, అటనుండి మేడ్చలుకును సాగినచో, ఒకప్పుడు ద్రాక్షకు పేరుపొందిన నేల వచ్చును. దక్కను పీఠభూమికి ద్రాక్ష పాత చుట్టమే. పదునాలుగవ శతాబ్దమున దౌలతాబాదును చూచిన ఇబ్న్ బతూతా అచ్చట ద్రాక్షయు దానిమ్మయు ఏటికి రెండుమార్లు కాచునని వ్రాసెను. ఆ దౌలతాబాదు తరువాతి కాలమున నిజాము రాజ్యములో చేరినది. ఇరవయవ శతాబ్దము ఆరంభమగు తఱి సికింద్రాబాదు నుండి మన్మాడుకు వేసిన రైలుమార్గము మేడ్చలు మీదుగా పోయి దౌలతాబాదును తాకును. హైదరాబాదు పరిసరములకు ద్రాక్ష వచ్చినది ఇంచుమించు ఆ కాలముననే. అనబ్-ఎ-షాహీ అను రకముతో అబ్దుల్ బాఖర్ ఖాన్ గారి పేరు ముడివడియున్నది. అనబ్ అనగా అరబ్బీలో ద్రాక్ష. షాహీ యనగా రాచరికమునకు చెందినది. పొడవైన పెద్ద పండ్లు, తేనెవన్నె, లోపల గింజలు, తేటయైన రసము: ఇవి దాని లక్షణములు.

ఎఱ్ఱని చెల్కనేలలో రాతి కడీలు నాటి, వానిపై తీగెలు లాగి పందిరి వేసెడివారు. ద్రాక్ష చలిదేశపు మొక్క. అచ్చట శీతకాలమున ఆకురాల్చి నిద్రించి, వసంతమున మేల్కొనును. మన నేలలో దానిని నిద్రపుచ్చునంతటి చలి లేదు. కనుక ఆ పనిని కత్తెర చేయవలెను. పంట కోసిన పిదప ఏప్రిల్ ప్రాంతమున ఒకమారు గట్టిగా కత్తిరింతురు. అప్పుడు వచ్చిన క్రొత్త కొమ్మల మొగ్గలలోనే రాబోవు గుత్తులు గర్భితమై యుండును. వానలు తగ్గిన పిదప అక్టోబరులో రెండవమారు కత్తిరింతురు. అప్పుడు పూత వచ్చి, ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు పండ్లు పక్వమగును. ఏ మొగ్గ దగ్గర కోయవలెనో తెలిసినవాడే ఆ ఏటి పంటను నిర్ణయించును. ఒక్క మొగ్గ ముందుగా కోసినచో ఆకులు మాత్రమే మిగులును. ఈ విద్య పుస్తకముకంటె చేతిలో ఎక్కువగా నుండును.

పూతకాలపు వానకు బూజు తెగులు సోకును. దానికి మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమమును చల్లుదురు. ఫ్రాన్సులోని బోర్డో మద్యసీమలో, 1885 ప్రాంతమున మిల్లార్డె అను శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపిన మందు ఇది. ఆ సీమ మద్యము మేడ్చలు తోటలకు రాలేదు. దాని మందు మాత్రము వచ్చి, దాని పేరు రైతుల నోట తెలుగు మాటయైనది.

మద్యము ఎందుకు రాలేదు? మొదటి కారణము పండులోనే యున్నది. రసములోని చక్కెరయే పులిసి సారాయమగును. లీటరు రసములో సుమారు పదునేడు గ్రాముల చక్కెర కరగినగాని నూటికి ఒక పాలు సారాయము ఏర్పడదు. అనబ్-ఎ-షాహీలో చక్కెర మొదలగు కరగిన పదార్థములు నూటికి 14 నుండి 16 వరకు మాత్రమే. దానినుండి ఎనిమిది తొమ్మిది పాళ్ళకు మించని బలహీనమైన సారాయము వచ్చును. ద్రాక్షసారాయములో సామాన్యముగా పండ్రెండు పాళ్ళ ప్రాంతమున ఉండును. పైగా రంగును, వాసనను, ఒగరును ఇచ్చునది తొక్క. పెద్దపండులో రసమెక్కువ, తొక్క తక్కువ. ఇది విస్తరిలో వడ్డించు పండు, పీపాలో నిలువ చేయు పండు కాదు. ప్రక్కనే మహానగరపు బజారు గంపల కొలది కొనుచుండగా రైతునకు పీపాల అక్కఱయు లేకపోయెను.

రెండవ కారణము మన అలవాటు. తెలంగాణ పల్లెలో పానమనగా ఈతకల్లు, తాటికల్లు. ద్రాక్షను పులియబెట్టు విద్య ఆయుర్వేదమునకు తెలియును; ధాతకీ పుష్పములతో చేయు ద్రాక్షారిష్టము వైద్యుని అలమరలోనిదే కాని విందులోనిది కాదు. సారా వలన చెడిన కాపురముల మాట వేరుగా చెప్పనక్కఱలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేవదీసిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. ఆ నిషేధము 1997లో సడలింపబడెను. నేడు మన వీథులలో ‘వైన్సు’ అను పలక గల దుకాణములు ఎన్నియో కలవు. వానిలో ద్రాక్షసారాయమును అడుగువారు అరుదు. మహారాష్ట్రలో నాసిక్ ప్రాంతమున మద్యపు ద్రాక్షను ప్రత్యేకముగా నాటి, తోటకు వచ్చినవారికి రుచి చూపు పద్ధతి ఇటీవలి దశాబ్దములలో నెలకొన్నది. మేడ్చలు అట్టి దారి పట్టలేదు.

కనుక ఈ యాత్రలో రుచి చూడవలసినది పండునే. దానికిని ఒక పద్ధతి కలదు. గుత్తి భుజమున నున్న పండు ముందు తియ్యబడును. కొనయందలి పండు చివరకు. అందుచే తోటవారు పక్వమును తెలిసికొనుటకు కొననున్న పండునే నోట వేసికొందురు. అది తియ్యగానున్నచో గుత్తియంతయు తియ్యనే. మిగిలిన కొలది తోటలలో కొన్ని, ఫిబ్రవరి మార్చి నెలలలో వచ్చినవారిని తీగెనుండి స్వయముగా కోసికొననిచ్చుచున్నవి. రాజేంద్రనగరులోని ద్రాక్ష పరిశోధనా స్థానమున అనేక రకములను ఒక్కచోట చూడవచ్చును.

మిగిలిన కొలది తోటలని ఏల అనవలసివచ్చెను? భూగర్భజలము క్రుంగెను; కూలి పెరిగెను; మహారాష్ట్రనుండి గింజలేని ద్రాక్ష చౌకగా వచ్చెను. అన్నిటికంటె ముఖ్యముగా నేల విలువ పంట విలువను మించిపోయెను. జీవసాంకేతిక పరిశోధనాలయములు, విద్యాలయములు, బాహ్యవలయ రహదారి, ఇండ్లస్థలములు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. ఇందులో ఎవరిని నిందింపనక్కఱలేదు. ఒక పంట ఒక నేలకు వచ్చి, ఒక శతాబ్దము కూడ నిండకమునుపే చాలవరకు వెడలిపోయెను. పందిరి తీసివేసిన తోటల రాతి కడీలు ఎన్నియో స్థలములకు సరిహద్దురాళ్ళయినవి.

విచారింపదగినది వేరొకటి కలదు. పదునైదు వందల ఏండ్లనాటి విహారము పేరు మనకు తెలియును. ఏ రాజు ఏ విహారమునకు గ్రామములిచ్చెనో తెలియును. బండ తొలిచినవారు సైతము ఒక మాటను మిగిల్చిరి. నిన్నమొన్నటి ద్రాక్షతోటలో ఏ మొగ్గపై కత్తెర వేయవలెనో తెలిసిన చేతులను గూర్చి ఎచ్చట ఏమి వ్రాసియున్నది? ఆ రాతి కడీలను కొట్టినవారును తొలుచువాండ్రే. ఆ పందిళ్ళక్రింద గుత్తులను పలుచన చేసిన స్త్రీలు, గంపలు మోసినవారు, మందు చల్లినవారు ఇంకను ఈ గ్రామములలోనే వృద్ధులై యున్నారు. రాజుల శాసనములను చదువుటకు పండితులు కావలెను. వీరి మాటలను వ్రాసికొనుటకు ఒక కాగితము, ఒక సాయంకాలము చాలును.

కనుక ఈ దారిన పోవు శ్రోతలకు మా మనవి ఇది. పండ్లు కొన్న పిదప ఆ తోటలో పనిచేసిన వృద్ధులను నాలుగు మాటలడుగుడు: పందిరి ఏ సంవత్సరమున వేసిరి, నీరు ఏ బావినుండి వచ్చెను, కత్తెర పట్టుట ఎవరు నేర్పిరి, తోటను ఏ సంవత్సరమున తీసివేసిరి. వారి పేరును, ఊరును వ్రాసికొనుడు. బడి ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత ఈ పని చేయింపవచ్చును. రేడియో కేంద్రములవారు ఆ గొంతులను ధ్వనిముద్రణ చేసి భద్రపరుపవచ్చును. పని ఎక్కువ లేదు; కాలము మాత్రము తక్కువగా నున్నది.