డండీలో గోనెసంచి

మాది నెల్లిమర్ల. జూట్ మిల్లు సైరన్‌తోనే మా వీధి లేచేది. చదువుకని స్కాట్లాండ్ వచ్చి, డండీలో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళితే, మొదట చూపించింది 282 అడుగుల జూట్ మిల్లు పొగగొట్టం, కాక్స్ స్టాక్!

బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన జనపనార పెళుసు, మరమీద పుటుక్కున తెగేది. తిమింగలం నూనె, నీళ్లు పట్టిస్తే మెత్తబడింది. తిమింగలాల వేట ఓడలు ఎలాగూ డండీ రేవులోనే ఉండేవి. ఇక కంపు సంగతి చెప్పాలా?

అప్పట్లో మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. కూలి తక్కువిస్తే సరిపోతుంది కదా! పనిలేక ఇంట్లో టీ కాచే మగవాళ్లకి ‘కెటిల్ బాయిలర్లు’ అని పేరు. మగ్గాల రొదలో మాట వినపడక సైగలే దిక్కు.

1855లో కలకత్తా దగ్గర రిష్రాలో జూట్ మిల్లు మొదలైంది. తర్వాత డండీ డబ్బు, డండీ మేస్త్రీలు హుగ్లీ ఒడ్డుకే చేరి సొంతూరి కూటికి ఎసరు పెట్టారు. కాక్స్ వాళ్ల మిల్లు 1981లో మూతపడింది.