బ్రూస్ దంపతుల సముద్రతీర స్థలము

అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రములో, లాస్ ఏంజిలిస్ నగరమునకు సమీపమున మాన్‌హాటన్ బీచ్ అను పట్టణము కలదు. 1912లో విల్లా బ్రూస్ అను నల్లజాతి స్త్రీ అచ్చట సముద్రపుటొడ్డున ఒక స్థలమును 1,225 డాలర్లకు కొనెను. ఆమె భర్త చార్లెస్ రైలు భోజనశాలలో వంటవాడు. నల్లవారిని స్నానమునకు రానిచ్చు తీరములు ఆ దినములలో మిక్కిలి అరుదు. విల్లా మొదట ఫలహారములు, సోడాలు అమ్ముచు, స్నానపు దుస్తులు అద్దెకిచ్చుచుండెను. పోను పోను భోజనశాల, నాట్యశాల వెలసినవి. ఆదివారము వచ్చినదన్న దూరప్రాంతముల నుండి నల్లజాతి కుటుంబములు అచ్చటికి తరలివచ్చుచుండెను. చుట్టుప్రక్కల మరికొన్ని నల్లజాతి కుటుంబములు కూడ స్థలములు కొని ఇండ్లు కట్టుకొనెను.

ఇది తెల్లవారిలో అనేకులకు కంటగింపాయెను. బెదిరింపులు సాగినవి, నిప్పు పెట్టుటకు కూడ యత్నము జరిగెనందురు. ఆ దంపతులు కదలలేదు. అప్పుడు 1924లో పురపాలక సంఘము చట్టమునే చేతబట్టెను. పార్కు కావలెనని, ప్రజా ప్రయోజనమని చెప్పి, వారి స్థలముతోబాటు చుట్టునున్న స్థలములను కూడ స్వాధీనపరచుకొనుటకు తీర్మానించెను. ఈ మాట మనకు క్రొత్త కాదు. 1894 నాటి భూసేకరణ చట్టము మన దేశములో 2013 సంవత్సరాంతము వరకు అమలులోనుండి, ఆ రెండు మాటలను మన పల్లెలకు కూడ నేర్పినది.

తమ జాతిని వెడలగొట్టుటయే అసలు ఉద్దేశమని బ్రూస్ దంపతులు వాదించి, స్థలమునకును నష్టమునకును కలిపి 1,20,000 డాలర్లు కోరిరి. వారికి దక్కినది 14,500 డాలర్లు. తీర్మానమున్నది, న్యాయస్థానమున్నది, పరిహారమున్నది. కాగితము మీద లోపమేమియు కానరాదు. అహాబు కూడ నాబోతు ద్రాక్షతోటకు వెల యిచ్చెదననెను గదా! అతడు కోరినది కూరతోట, వీరు కోరినది పార్కు.

ఆ పార్కు వెంటనే వెలసినదా? లేదు. కట్టడములను పడగొట్టిన పిమ్మట దశాబ్దముల తరబడి ఆ నేల ఖాళీగానే పడియుండెను. అంత తొందరపడి లాగుకొన్న స్థలమది! దంపతులు ఆ పట్టణము విడిచి, కడవరకు ఇతరుల వంటశాలలలో పనిచేసిరి. స్వంత భోజనశాల నడిపినవారికి అదెట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును.

వారి స్థలము 1948లో రాష్ట్రమునకు, 1995లో లాస్ ఏంజిలిస్ కౌంటీకి చేతులు మారినది. దానిని మరొకరికి బదిలీ చేయరాదను షరతు ఉండుటచేత, తిరిగి ఇచ్చుటకు రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టము చేయవలసివచ్చెను. 2021 సెప్టెంబరులో గవర్నరు దానిపై సంతకము చేసెను. అదే సంవత్సరము పట్టణ కౌన్సిలు జరిగినదానిని ఖండించెను గాని, క్షమాపణ చెప్పుటకు మాత్రము ఒప్పుకొనలేదు. స్థలము తిరిగి ఇచ్చుటకంటె ఆ ఒక్క మాట చెప్పుటయే కష్టమాయెను కాబోలు.

2022 జూలైలో దస్తావేజు బ్రూస్ వారసుల చేతికి వచ్చెను. అచ్చట లైఫ్‌గార్డుల కార్యాలయముండుటచేత, కౌంటీయే సంవత్సరమునకు 4,13,000 డాలర్ల అద్దెకు దానిని తీసికొనెను. 2023లో వారసులు ఆ స్థలమును సుమారు 2 కోట్ల డాలర్లకు కౌంటీకే అమ్మివేసిరి. ఇంత పోరాడి అమ్ముటయేలనని కొందరనిరి. నేనట్లనను. ఈసారి వెల నిర్ణయించి అమ్మినవారు యజమానులే.