అరవై సెంట్ల బాకీ

నేను అమెరికా వచ్చిన కొత్తల్లో, అంటే 1992లో, టిప్పు అంటే నాకు తెలిసింది టిప్పు సుల్తాను ఒక్కడే. హ్యూస్టన్‌లో ఒక ఆదివారం పొద్దున్న నలుగురు కుర్రాళ్ళం కలిసి పాన్‌కేకులు దొరికే హోటలుకి వెళ్ళాం. మాలో ఇద్దరు శాకాహారులు, అందులో ఒకడు గుడ్డు కూడా ముట్టడు. వడ్డించడానికి వచ్చినావిడకి మా అమ్మ వయసుంటుంది. పాన్‌కేకు పిండిలో గుడ్డు ఉంటుందని ఆవిడే ముందుగా చెప్పింది. దేంట్లో ఏముందో కనుక్కోడానికి రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళొచ్చి, మావాడికి వేయించిన బంగాళాదుంపలు, టోస్టు, పళ్ళు తెచ్చి పెట్టింది. కాఫీ ఎన్నిసార్లు పోయించుకున్నా ఒకటే ధర అని తెలిశాక మేం కప్పులు ఖాళీ చెయ్యడం ఆపలేదు, ఆవిడ పొయ్యడం ఆపలేదు.

బిల్లు 19 డాలర్ల 40 సెంట్లు. కౌంటర్లో ఇరవై ఇచ్చి, వచ్చిన చిల్లర బల్ల మీద పెట్టి దర్జాగా బయటికొచ్చాం. అరవై సెంట్లంటే రూపాయల్లో పదిహేను! మా ఊరి హోటల్లో సర్వరుకి ఒక్క రూపాయి వదిలితే మనవైపు రెండుసార్లు చూసి నవ్వేవాడు.

కారు దగ్గరికి చేరేలోగా ఆవిడ మా వెనకాలే వచ్చింది. ఆ చిల్లర నా చేతిలో పెట్టి, "ఇది మీరు మర్చిపోయినట్టున్నారు" అని చెప్పి వెళ్ళిపోయింది.

"ఈ దేశంలో ఎంత నిజాయితీ రా!" అని దారి పొడుగునా మెచ్చుకున్నాం. సాయంత్రం ఈ సంగతి, మాకంటే చాలా ముందొచ్చిన ఒక పెద్దాయనకి గొప్పగా చెబితే ఆయన తల పట్టుకున్నారు. "అది నిజాయితీ కాదయ్యా! మీ డబ్బు మీ మొహానే కొట్టింది" అన్నారు.

అప్పుడు తెలిసింది అసలు లెక్క. ఆ ఏడు ఫెడరల్ కనీస వేతనం గంటకి 4 డాలర్ల 25 సెంట్లు. టిప్పులు అందుకునే పనివాళ్ళకి మాత్రం యజమాని 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలు. మిగతాది మనం బల్ల మీద వదిలే డబ్బుతో పూడాలి. ఒకవేళ పూడకపోతే ఆ తేడా యజమానే ఇచ్చుకోవాలని చట్టంలో ఉంది. కానీ ఆ తేడా అడగాల్సింది, రేపు ఏ పూట పని ఇవ్వాలో నిర్ణయించే మనిషినే కదా! అంటే మేం ఆవిడకి బహుమానం ఇవ్వలేదు. జీతం ఎగ్గొట్టాం.

ఇంత వింత పద్ధతి ఎలా వచ్చిందా అని తర్వాత కొన్నేళ్ళపాటు తీరిక దొరికినప్పుడల్లా చదివాను. టిప్పు పుట్టుక అమెరికాది కాదు. యూరప్‌లో దొరలు నౌకర్లకి విదిలించే అలవాటు అది. అంతర్యుద్ధం ముగిశాక యూరప్ చూసి వచ్చిన అమెరికా ధనవంతులు ఆ దర్జాని వెంట తెచ్చుకున్నారు. సరిగ్గా అదే సమయంలో బానిసత్వం నుంచి బయటపడ్డ లక్షలాది నల్లవాళ్ళు పని వెతుక్కుంటున్నారు. జీతం తక్కువిచ్చి, మిగతాది గిరాకీల దగ్గర సంపాదించుకోమనే వీలు హోటళ్ళకీ రైళ్ళకీ దొరికింది.

దీనికి పెద్ద ఉదాహరణ పుల్‌మన్ రైలు పెట్టెలు. జార్జ్ పుల్‌మన్ 1867లో పెట్టిన కంపెనీ, పడక పెట్టెల్లో పోర్టర్లుగా మాజీ బానిసల్నే ఏరి తీసుకుంది. పక్క వెయ్యడం, బూట్లు తుడవడం, అర్ధరాత్రి గంట కొడితే పరిగెత్తడం వాళ్ళ పని. నెలకి 400 గంటల చాకిరీ, చాలీచాలని జీతం, ఆ పైన టిప్పులు. ప్రయాణీకులు వాళ్ళ పేరేమిటో కనుక్కునేవాళ్ళు కాదు, అందర్నీ "జార్జ్" అనే పిలిచేవాళ్ళు. యజమాని పేరు పెట్టి బానిసని పిలిచే పాత అలవాటే అది. ఎలా పిలిచినా నవ్వాలి, ఎందుకంటే ఆ నవ్వులోనే రాత్రి భోజనం ఉంది. వాళ్ళు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 దాకా, అంటే పన్నెండేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో టిప్పుని అసహ్యించుకున్న అమెరికన్లు కూడా తక్కువేం కాదు. దొరలూ నౌకర్లూ లేని దేశంలో ఈ విదిలింపులేమిటని వాదించారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పుని నిషేధించింది. తర్వాత మిసిసిపి, ఆర్కన్సా, అయోవా, సౌత్ కరొలైనా, టెనెసీ కూడా చట్టాలు చేశాయి. 1916లో విలియం స్కాట్ అనే ఆయన టిప్పు ప్రజాస్వామ్యానికి పట్టిన జబ్బంటూ ఒక పుస్తకమే రాశాడు. కానీ 1926 నాటికి ఆ చట్టాలన్నీ పోయాయి. 1922లో ఎమిలీ పోస్ట్ రాసిన మర్యాదల పుస్తకం నాటికే హోటల్లో పది శాతం ఇవ్వడం మామూలైపోయింది. పది పదిహేనయింది, పదిహేను ఇరవై అయింది.

1938లో రూజ్‌వెల్ట్ హయాంలో కనీస వేతన చట్టం వచ్చినా హోటళ్ళలో పనిచేసేవాళ్ళకి అది వర్తించలేదు. 1966లో సవరణ చేసి వాళ్ళని కలిపారు గానీ, అందులోనే ఒక మెలిక పెట్టారు. కనీస వేతనంలో సగం దాకా యజమాని టిప్పుల కింద జమ కట్టుకోవచ్చు. 1996లో ఆ సగం అనే లెక్క కూడా తీసేసి, 2 డాలర్ల 13 సెంట్ల దగ్గర మేకు కొట్టేశారు. మామూలు కనీస వేతనం 2009లో 7 డాలర్ల 25 సెంట్లయింది. ఈ అంకె మాత్రం 1991 నుంచీ కదల్లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మినెసోటా లాంటి ఏడు రాష్ట్రాలు ఈ మెలిక ఒప్పుకోకుండా పూర్తి కనీస వేతనం ఇప్పిస్తున్నాయి. మా టెక్సస్ ఆ జాబితాలో లేదు.

ఇదంతా చదువుతుంటే నాకు మా తాతయ్య కళ్ళం గుర్తొచ్చింది. మా కృష్ణా జిల్లా పల్లెలో మంగలికీ, చాకలికీ, వడ్రంగికీ నెల జీతాలుండేవి కావు. ఏడాదంతా చేసిన పనికి నూర్పుళ్ళప్పుడు కళ్ళం దగ్గర మేర కొలిచేవారు. అది వాళ్ళకి రావలసిన కూలే. అయినా గోనెసంచి పట్టుకుని ఒక పక్కగా నిలబడేవాళ్ళు. తాతయ్య చెడ్డవాడు కాడు. మనసు బావుంటే కుంచం మీద కుప్పగా పోసేవాడు, లేకపోతే అంచుకి సమంగా గీసేవాడు. "ఈ ఏడు పంట అంతంత మాత్రం రా, వచ్చే ఏడు చూద్దాంలే" అంటే "అలాగే అయ్యగారూ" అనడం తప్ప ఇంకో మాట లేదు. ఆ మర్నాడు కూడా అరుగు మీద కూచోబెట్టి అదే చేత్తో ఆయనకి గడ్డం గియ్యాలి మరి.

తేడా ఒకటే. హ్యూస్టన్‌లో ఆవిడ నా కుంచం నాకు తిరిగి ఇచ్చెయ్యగలిగింది.

ఇప్పుడు ఈ వ్యవహారం ఇంకా చిక్కుపడింది. ఐస్‌క్రీం కొట్లో కోను చేతికివ్వకముందే టాబ్లెట్ తెర మనవైపు తిప్పి 18, 20, 25 అని చూపిస్తున్నారు. మన వెనక నలుగురు చూస్తుంటారు. విసుగొస్తుంది, నిజమే. నేను అక్కడ ఒక్క క్షణం ఆగి, ఈ మనిషికి పూర్తి జీతం వస్తుందా, లేక నా చేతి మీద ఆధారపడి ఉందా అని ఆలోచిస్తాను. కౌంటర్ దగ్గర పనిచేసేవాళ్ళకి సాధారణంగా పూర్తి కనీస వేతనం ఉంటుంది, అక్కడ నా ఇష్టం. బల్ల దగ్గరికొచ్చి వడ్డించే మనిషి విషయంలో నాకు ఇష్టాయిష్టాలు లేవు.

టిప్పు ఎత్తేద్దామని ప్రయత్నించినవాళ్ళు లేకపోలేదు. న్యూయార్క్‌లో పేరున్న హోటళ్ళు నడిపే డానీ మేయర్ 2015లో ధరలు పెంచి టిప్పులు తీసేశాడు, 2020లో మళ్ళీ తెచ్చాడు. 2025లో వచ్చిన చట్టం టిప్పుల మీద ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఆదాయపు పన్ను మినహాయించింది, 2028 వరకు. మంచిదే. కాకపోతే పన్ను కట్టేంత ఆదాయమే లేనివాళ్ళకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. 2 డాలర్ల 13 సెంట్లు ఎక్కడిదక్కడే ఉంది.

మన తెలుగు హోటళ్ళలో బఫేకి వెళ్ళినప్పుడు "మనమే వడ్డించుకున్నాం కదండీ, ఇంక టిప్పెందుకు?" అనే మాట ఇప్పటికీ వింటూంటాను. మనం నాలుగుసార్లు లేచి నాలుగు పళ్ళేలు మారుస్తాం. అవి తీసేదెవరు? పిల్లలు ఒలకబోసిన మామిడి లస్సీ తుడిచేదెవరు? వడ్డన ఆలస్యమైందని కోసేసేవాళ్ళూ ఉన్నారు. వంటింట్లో ఆలస్యానికి శిక్ష బల్ల దగ్గరి మనిషికి పడుతుంది.

ఈ పద్ధతి నాకు నచ్చదు. పూర్తి జీతం యజమానే ఇచ్చి, దోసె ధర ఇంకో రెండు డాలర్లు పెంచితే సంతోషంగా కడతాను. అలా మార్చమని అడిగేవాళ్ళకి నా ఓటు కూడా వేస్తాను. కానీ పద్ధతి మీద కోపం పళ్ళేలు తీసే మనిషి మీద చూపించలేను కదా! అందుకే ఎక్కడ కూర్చుని తిన్నా, కాఫీ చల్లారినా సరే, ఇరవై శాతం నోట్లుగా పెట్టి లేస్తాను. దాన్ని మెప్పుగా ఇవ్వను, దయగా ఇవ్వను. బిల్లులో కలపని జీతం అది, అంతే.

ఆ తర్వాత రెండుసార్లు ఆ పాన్‌కేకుల హోటలుకి వెళ్ళాను. ఆవిడ కనబడలేదు. ఆ అరవై సెంట్లు నా దగ్గరే ఉండిపోయాయి.