సర్వేల్ గురుకుల విద్యాలయం

సర్వేల్ గురుకుల విద్యాలయం నేటి యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలంలోని ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల. 2016 జిల్లాల విభజన వరకు ఈ ఊరు నల్లగొండ జిల్లాలో ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ తరహా తొలి బడి ఇదే. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు 1971లో దీన్ని ప్రారంభించారు. సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి స్థలం సమకూర్చారు. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన పోచంపల్లి కూడా ఈ జిల్లాదే. ఇచ్చిన భూమిలో బడి లేవడం ఈ గడ్డ స్వభావానికి తగిన పనే.

చదువులో చురుకైన పేదింటి పిల్లలను ప్రవేశపరీక్షతో ఎంపిక చేసి, తిండి, వసతి, చదువు ఒక్కచోటే ఇవ్వడం దీని పద్ధతి. వానను నమ్ముకున్న మెట్టపల్లెల్లో పదేళ్ల పిల్లవాడు పశువుల వెంట పోవడం మామూలైన కాలమది. అటువంటి ఇంటి నుంచి వచ్చినవాడికి సొంత ఆస్తి ఒక రేకు ట్రంకుపెట్టె. అందులోనే బట్టలు, పుస్తకాలు, కంచం, గ్లాసు, అమ్మ కట్టిచ్చిన సకినాలు. తెల్లవారుజామున గంట, వ్యాయామం, ప్రార్థన, రాత్రి పంతుళ్ల ఎదుట స్టడీ అవర్. గురువులు ఆవరణలోనే ఉండటం గురుకులానికి ప్రాణం.

తర్వాత కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి గురుకులాలు వెలిశాయి. పి.వి. కేంద్ర విద్యాశాఖ చూస్తున్న కాలంలో, 1985-86లో మొదలైన నవోదయ విద్యాలయాలకు ప్రేరణ సర్వేల్ అనే మాట బలంగా ఉంది, అది సబబే. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం ఇక్కడి పూర్వ విద్యార్థి.