సంగీను - తిలంగా

పాతకాలపు తుపాకిమొనబాకులను సేకరించువారు కొందఱు గలరు. వీరు కూడినచోట నొకరి జ్ఞానము నొకరు పరీక్షించుకొనుట వేడుకగా సాగుచుండును. ఒకఁడు పిడిని గప్పి యలుఁగు మాత్రమే చూపును. రెండవవాఁడు దేశమును వత్సరమును జెప్పవలెను. గెలిచినవానికి ధనము లేదు, ఓడినవానికి నవమానము లేదు. పండితగోష్ఠులలోని ప్రహేళికలకును దీనికిని భేదము స్వల్పము. అయినను నీ వినోదమునఁ బుట్టు ప్రశ్నలు కొన్ని తెలుఁగుదేశ చరిత్రమును దాఁకుచున్నవి గావున విచారింపఁదగియున్నవి.

మొదటి ప్రశ్న పేరును గూర్చినది. ఆంగ్లేయుల బాయొనెట్టు శబ్దము ఫ్రాన్సుదేశపు నైరృతిభాగముననున్న బాయొను నగరమునుబట్టి వచ్చినదని పెక్కండ్ర మతము. 1611లో వెలువడిన కాట్‌గ్రేవు ఫ్రెంచి నిఘంటువునం దీ శబ్దము నడుమున వ్రేలాడఁగట్టు కత్తికే చెప్పఁబడినది. తుపాకి ప్రసక్తి యందు లేదు. హిందుస్థానీలో వాడుకయైన సంగీను శబ్దము పారసీకము. సంగనఁగా ఱాయి, సంగీనన ఱాతిది, బరువైనది. అమరుఁడు ఛురికకు శస్త్రి, అసిపుత్రి, అసిధేనుక యని పర్యాయములు చెప్పెను. కత్తికూఁతురను నర్థముగల యసిపుత్రి శబ్దము చక్కనిదే కాని, తుపాకికొన కెక్కిన పిదప నా కూఁతు రీఁటెకు దత్తపుత్రిక యైనది.

ఆ యెక్కుటయు నొకనాఁటితో జరిగినది కాదు. 17వ శతాబ్దమునఁ బిడిని దుపాకిగొట్టములోనే దూర్చెడివారు. దూర్చినంతసేపు తుపాకి ప్రేలదు. 1689 జూలైలో స్కాట్లండులోని కిల్లిక్రాంకీకడ మకే సేనాని సైనికులు కాల్చి, బాకులు దూర్చుకొనులోపలనే కొండజాతులవారు మీఁదఁబడి సేనను జెదరఁగొట్టిరి. పిమ్మట గొట్టమునకు వెలుపల నుంగరమువలెఁ దొడుగు విధము ప్రబలెను. ఫ్రాన్సున దానిని నెలకొల్పినవారిలో వోబాను ముఖ్యుఁడు.

ఇచ్చట నొక యపప్రథ కలదు. మూఁడంచుల యలుఁగు చేసిన గాయము మానదనియు, నందుచే జెనీవా నిబంధనలు దానిని నిషేధించెననియుఁ బందెములలోఁ దఱచుగా సమాధానము చెప్పుదురు. ఆ నిబంధనలలో నీ యాయుధమును బేర్కొనిన వాక్యమే లేదు. తక్కువ లోహముతో వంగని యలుఁగు గావలసియే మూఁడంచులు దీర్చిరి. అలుఁగుమీఁది కాలువ నెత్తురు పాఱుటకనుటయు నిట్టిదే; అది బరువు తగ్గించుటకు.

అన్నిటికంటె రుచికరమైన ప్రశ్న వేఱు. ఏ జనుల పేరు సంగీను పట్టిన సిపాయికిఁ బర్యాయమైనది? తెలుఁగువారిదే. హిందుస్థానీలోఁ దిలంగా యనఁగాఁ దెలుఁగుదేశస్థుఁ డనియు, పాశ్చాత్యరీతి దుస్తులు దొడిగి కవాతుచేయు సిపాయి యనియు రెండర్థములు. 1756 చివర క్లైవు వెంటఁ జెన్నపట్టణమునుండి బంగాళమునకుఁ బోయిన సిపాయిలు మొదలుగాఁ దక్షిణదేశపు సిపాయిల కచ్చటివారు పెట్టిన పేరది. అందఱును దెలుఁగువారు కాకపోయినను బేరు నిలిచెను. క్రమముగా నయోధ్యప్రాంతపు బ్రాహ్మణుఁడును, బీహారు రాజపుత్రుఁడును సేనలోఁ జేరి తిలంగాలే యైరి. 1857లో ఢిల్లీనగరపు ఉర్దూ పత్రములందుఁ దిరుగబడిన సిపాయిలను దిలంగా లనియే వ్రాసిరి. యోగముకంటె రూఢి బలవత్తరమనుట శాబ్దికు లెఱిఁగినదే. ఐనను గృష్ణాగోదావరులు పాఱు దేశపు పేరు, ఆ నదులను గన్నులఁ జూడని గంగాతీరవాసికి సంక్రమించుట వింత కాకపోదు.

తెలుఁగునేలకు సంగీనును దెచ్చినవారిలో ఫ్రెంచివారు ముందువారు. 1751లో బుస్సీ సలాబతుజంగు వెంట హైదరాబాదు చేరెను. 1758 డిసెంబరునఁ జందుర్తికడను, 1759 ఏప్రిలున బందరుకోటకడను ఫోర్డు ఫ్రెంచివారిని గెలిచెను, ఇరుపక్షములందును దేశీయసిపాయిలుండిరి. తరువాత రేమండు నిజాము కొలువున సుమారు 14,000 సేనను దీర్చి 1798 మార్చిలో గతించెను. ఆ యక్టోబరులోనే యాంగ్లేయులు దాని యాయుధములు దింపించిరి. మొసియె రేమండు జనుల నోట ముసారాముఁడై ముసారాంబాగునకుఁ బేరిచ్చెనందురు.

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతమున నీ ప్రశ్నలు వట్టి వినోదములు గావు. 1948 సెప్టెంబరు 13న భారతసేన విజయవాడమార్గమునఁ గోదాడ చేరి, మునగాల మీఁదుగా సూర్యాపేటకు నడచెను. నైజాముసేనలు వెనుదీయుచు మూసీవంతెనను గూల్చినను దానికిఁ గావలి యుంచలేదు. వంతెన శీఘ్రముగానే బాగుపడినది. ఆ త్రోవలోఁ దుప్పుపట్టిన సంగీ నొకటి దొరకినచో నది రజాకారులదని చెప్ప బుద్ధిపుట్టుట సహజము. ముద్రలు మాత్ర మా మాట చెప్పవు. నైజాముసేనయు భారతసేనయుఁ బ్రధానముగా బ్రిటిషు నమూనా తుపాకులనే పట్టెను. అలుఁగుమొదటనుండు 1907 అను నంకె నమూనా పుట్టిన వత్సరమే గాని వస్తువు తయారైన వత్సరము గాదు. తయారైన నెలయు వత్సరమును వేఱుగఁ గొట్టఁబడును. ఇచ్చటఁ దప్పనివారు కొలఁదిమంది. ఆ నమూనా యలుఁగు 17 అంగుళములు. రెండవ ప్రపంచయుద్ధకాలమున హిందూదేశమున దానిని 12 అంగుళములకుఁ గుఱుచచేసిరి. తయారైన వత్సరము 1948కిఁ బిమ్మటిదైనచో నా యుద్ధకథ యక్కడితోఁ దెగును. ముందటిదైనచో నది యే పక్షముదైనను గావచ్చును.

మఱియు 1946 మొదలు 1951 వఱకు సాగిన రైతులపోరాటమున నా తాలూకాలవారు పట్టిన గుత్పలు, వడిసెలలు, బరిసెలు కర్మాగారమునఁ బుట్టినవి గావు. వానిపై కిరీటము లేదు, వత్సరము లేదు. పందెమున నడుగుట కవి పనికిరావు. కావునఁ బెట్టెలకు సంగీనులే యెక్కినవి. దొరకిన యూరు, పొలము, ఇచ్చినవాఁడు చెప్పిన మాట, వీనిని వస్తువుతోఁ గూడ వ్రాసియుంచిననే గాని, ఆ సంగీను గూర్చి యేనాఁటిదను ప్రశ్నకుఁ దప్ప నెవరిదను ప్రశ్నకు సమాధానము లభింపదు.