చుక్కలు ఎందుకు మినుకుమంటాయి? – ఒక ఉపగ్రహం కథ

చీకటి పడ్డాక అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు మీద నిలబడితే, సముద్రం మీది చుక్కలు తెగ మినుకుమంటాయి. కారణం బడిలో మనందరం చదువుకున్నదే. వేడి గాలి, చల్ల గాలి పొరలు కదులుతూ ఉంటే, వాటిలోంచి వచ్చే వెలుగు వక్రీభవనం చెంది దారి తప్పుతుంది. మనకు రెండు మార్కుల ప్రశ్న అయిన ఈ సంగతే ఒకప్పుడు అమెరికా రక్షణ శాఖను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది.

1983 మార్చి 23న అధ్యక్షుడు రీగన్, శత్రువుల అణు క్షిపణులను దారిలోనే కూల్చే మార్గం కనిపెట్టమని శాస్త్రవేత్తలను కోరారు. పత్రికలు ఆ పథకాన్ని 'స్టార్ వార్స్' అన్నాయి. నేల మీది నుంచి లేజర్ కిరణాన్ని పంపి, అంతరిక్షంలోని అద్దాలతో క్షిపణి మీదికి మళ్లించాలన్నది అందులో ఒక ఆలోచన. చిక్కల్లా గాలితోనే. కిందికి వచ్చే చుక్క వెలుగులాగే పైకి పోయే లేజర్ కూడా చెదిరిపోతుంది.

ఆ చెదురును ఎంతవరకు సరిచేయగలమో కొలవడానికి పంపిందే 'లేస్' ఉపగ్రహం. అమెరికా నౌకాదళ పరిశోధనశాల దాన్ని తయారుచేసింది. 1990 ఫిబ్రవరి 14న డెల్టా రాకెట్ దాన్ని సుమారు 540 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. అందులో ఆయుధమేదీ లేదు. లేజర్ వెలుగును పసిగట్టే 210 సెన్సర్లు ఉన్నాయి. హవాయిలోని మావీ దీవి కొండ మీది నుంచి తక్కువ శక్తి గల లేజర్‌ను దాని మీదికి వేసేవారు. గాలి పెట్టే వంకరను కొలిచి, దానికి విరుగుడుగా అద్దం ఆకారాన్ని క్షణక్షణం మార్చేవారు. కిరణం ఎంత కుదురుగా చేరిందో సెన్సర్లు చెప్పేవి.

1991 చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. అనుకున్న ఆయుధం రాలేదు. కానీ ఆ ఏడాదే ఈ అద్దాల విద్యలో చాలా భాగం మీద రహస్యం ముద్ర తీసేశారు. నేటి పెద్ద టెలిస్కోపులు చుక్కలను చెదరకుండా చూడగలగడానికి అదీ తోడ్పడింది.

గాలి అడ్డు మనకూ తప్పదు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపింది. హైదరాబాదులోని చెస్ ప్రయోగశాల దానికి కేంద్రం. అక్కడ కూడా కిరణం గాలిలోంచే పోవాలి.

ఈసారి స్వామివారి కల్యాణానికి ఊరొచ్చినప్పుడు పిల్లలను గట్టు మీదికి తీసుకెళ్లి, మన మాష్టార్లు అడిగిన ఆ పాత ప్రశ్నే వాళ్లనూ అడగండి.