ప్రతాపరుద్రీయ నాటకమున చరిత్రయు కల్పనయు

చారిత్రకకథను కల్పించువాడు పరిశోధన నెంతవఱకు, ఏ యంశములయందు చేయవలెనను ప్రశ్నకు మన వాఙ్మయమున సమాధానము వెదకువారికి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృతపండితులై యుండిన వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రకటించిన ‘ప్రతాపరుద్రీయము’ మిక్కిలి తగిన లక్ష్యము. ఇతివృత్తమున చరిత్రకు బహుదూరమైన యీ నాటకము పాత్రల వాక్కునందు మాత్రము నిశితపరిశీలనకు ఫలమై యున్నది. ఈ వైషమ్యమే ప్రస్తుత విచారమునకు విషయము.

నాటకమున కాకతీయప్రభువైన ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బందీగా కొనిపోబడగా, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషమున నచ్చటికేగి, రాజును విడిపించుటయే గాక సుల్తానునే చెఱపట్టును. శాసనములు వేఱుగా పలుకుచున్నవి. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ఢిల్లీకి తరలింపబడుచున్న రాజు నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచుండ, రెడ్డిరాణి అనితల్లి వేయించిన 1423 నాటి కలువచేరు శాసనము ఆ మరణము స్వేచ్ఛాకృతమని సూచించుచున్నది. అయితే విలస శాసనమును నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మగార్లు పరిష్కరించి ప్రకటించునప్పటికి, 1929లో దివంగతులైన శాస్త్రిగారు లేరు. వారి కాలమునకు ప్రచారమున నున్నది ఐతిహ్యము. ఏకామ్రనాథుని ‘ప్రతాపచరిత్రము’ సైతము రాజును మరల ఓరుగల్లు చేర్చినది. ఐతిహ్యము జరిగినదానికి ప్రమాణము కాకపోవచ్చును గాని, పరాభూతమైన జాతి యేమి జరిగియుండవలెనని కోరుకొనెనో దానికి ప్రమాణము. నాటకకర్త యీ కోరికకే కథారూప మొసగెను.

శాస్త్రిగారి పరిశోధన నిజముగా పండినది భాషయందు. రాజు, మంత్రి మున్నగువారికి గ్రాంథికమును, చాకలి పేరిగాని వంటివారికి వారి వారి వాడుకమాటలను, తురుష్కపాత్రలకు హిందూస్థానీ కలసిన తెలుగును ఇచ్చి, సంస్కృతనాటకములందు ప్రాకృతమునకు గల స్థానము తెలుగునాటకములందు గ్రామ్యమునకు కలదని ‘గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము’న వారు వాదించిరి. పేరిగాడు నాటి ప్రేక్షకులకు సజీవుడై తోచుటకు కారణము తాళపత్రము కాదు. ఏ గ్రంథమునకు నెక్కని మాటను గ్రహించిన కర్త చెవి.

ఇచట నొక యాక్షేపము పొడసూపును. పేరిగాని పలుకు పంతొమ్మిదవ శతాబ్దిది. కాకతీయుల నాటిది కాదు. ఆ యుగపు జనజీవనమునకు ఆధారములు లేకపోలేదు: పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్యచరిత్రము’ పాటలను, ఆటలను, వేడుకలను పేర్కొనుచున్నది, ‘క్రీడాభిరామము’ ఓరుగల్లు వీథులను కన్నులకు గట్టుచున్నది. రెండవది 1897 నాటికి అచ్చు పడలేదు. ఆ పిమ్మట మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలుగులోనికి దెచ్చిరి. 1949 నాటి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యందు సురవరం ప్రతాపరెడ్డిగారు ఇట్టి కావ్యములనుండియే ప్రజల తిండి, బట్ట, ఆచారములను వెలికి దీసిరి. అయినను ఈ గ్రంథములు వస్తువుల పేర్లను, వృత్తుల వివరములను ఇయ్యగలవే గాని, చాకలి తన యింట మాటాడిన మాటను యథాతథముగ నియ్యజాలవు. ఛందస్సు దానిని వడియగట్టినది. కాబట్టి శాస్త్రిగారి కాలవ్యత్యయము కొంతవఱ కనివార్యము.

దీనినిబట్టి కథకుని సామగ్రిని శాసనసిద్ధము, ఐతిహ్యసిద్ధము, కల్పితము అని మూడు తెఱగుల విభజింపవచ్చును. మొదటిదానిని మీఱదలచినవాడు తెలిసి మీఱవలెను; రెండవదానిని చరిత్రగా నమ్మింపరాదు; మూడవదానికి మాత్రము తక్కిన రెంటికంటె నెక్కువ శ్రమ కావలెను, ఏలనన కల్పితపాత్రను నిలుపుటకు సాక్ష్యమిచ్చు శాసనము వేఱొకటి యుండదు. మెకంజీ, బ్రౌనుల సేకరణలను భద్రపఱచిన చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నేటి కథకునకు కైఫీయతులు, అనగా గ్రామచరిత్రల వ్రాతలు, ఎన్నియో దొరకును. కాని వానిలో పేరెక్కని మనుష్యులకు మాట నిచ్చు భారము అతని మీదనే నిలుచును.